రోగి రికార్డు రోగి చేతికి రావాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

చెన్నై పెరంబూరులో ఇద్దరు వైద్యులు నడిపే ఒక క్లినిక్‌లో రోగుల ఫైళ్లు, కంప్యూటర్ రికార్డులు చూసే బాధ్యత చాలా ఏళ్లుగా నాది. అట్ట ఫైళ్ల కాలంలో ఉద్యోగంలో చేరి ఇప్పుడు పూర్తిగా సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తున్నాను కనుక, రెండింటి మంచిచెడ్డలూ దగ్గరి నుంచి చూసే అవకాశం కలిగింది. ఈ నగరంలో సందుకొక్కటిగా ఉన్న చిన్న క్లినిక్‌లు కూడా టోకెన్లు, బిల్లులు, మందుల చీటీలు, రిపోర్టులు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటున్నాయి. ఇది మంచి మార్పే. అయితే రోగి సమాచారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం గురించి ఇంత శ్రద్ధ తీసుకుంటున్న మనం, అవసరమైన రోజున అది చెక్కుచెదరకుండా బయటికి ఎలా వస్తుందనే ప్రశ్నను మాత్రం సాఫ్ట్‌వేర్ కొనే రోజున అడగడం లేదు. వైద్యులు, ప్రభుత్వాలు, ముఖ్యంగా రోగులు ఈ విషయం ఆలోచించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చెన్నైకి వైద్యం కోసం వచ్చే తెలుగువారికి ఇది మరీ అవసరమైన సంగతి. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట నుంచి, ఇటు తిరుపతి, పుత్తూరు, నగరి నుంచి తెల్లవారుజామున రైలెక్కి సెంట్రల్‌లో దిగేవారు, బస్సులో మాధవరం వరకు వచ్చి అక్కడి నుంచి ఆటో పట్టుకునేవారు మా క్లినిక్‌కు రోజూ వస్తుంటారు. వీరు పెద్ద డాక్టరును మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి చూస్తారు. మధ్యలో జ్వరం వచ్చినా, బీపీ పెరిగినా, కాలు వాచినా చూసేది సొంత ఊళ్లోని డాక్టరే. చెన్నైలో ఏ మందు మొదలుపెట్టారో, ఏది ఎందుకు ఆపారో ఆ డాక్టరుకు తెలియాలంటే రోగి చేతిలోని ప్లాస్టిక్ కవరు తప్ప మరో ఆధారం లేదు. పదేళ్ల కిందట ఆ కవరు లేకుండా ఎవరూ ఊరు దాటేవారు కాదు. ఇప్పుడు రిసెప్షన్‌లో కూర్చున్నవారు "అంతా సిస్టంలో ఉంది, పాత కాగితాలు మోసుకురానక్కర్లేదు" అని భరోసా ఇస్తున్నారు. రోగులు ఆ మాట నమ్మి కాగితాలు దాచుకోవడం మానేస్తున్నారు.

ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తెలియజేసే ఒక ఉదంతం చెబుతాను. ఉత్తర చెన్నైలోని ఒక క్లినిక్ వారు ఏడాది చందా తక్కువని ఒక సాఫ్ట్‌వేర్ వదిలి మరొకదానికి మారారు. పాత కంపెనీ వారు అప్పగించిన ఎక్సెల్ ఫైలులో రోగుల పేర్లు, వయసులు, ఫోన్ నంబర్లు, కట్టిన ఫీజులు వరుస తప్పకుండా ఉన్నాయి. డాక్టరు ప్రతి విజిట్‌లో రాసుకున్న నోట్సు, స్కాన్ చేసి ఎక్కించిన రిపోర్టులు అందులో లేవు. అవి కావాలంటే వేరే రుసుము అన్నారు. ఆ బేరం తేలేలోపు చందా గడువు ముగిసి లాగిన్ ఆగిపోయింది. ఆ క్లినిక్‌లో ఏళ్ల తరబడి చూపించుకున్న గూడూరు మహిళ ఒకరు ఆ తర్వాత మా దగ్గరికి వచ్చారు. థైరాయిడ్ ఆపరేషన్ అయినవారు. చేతిలో చివరి మందుల చీటీ ఒక్కటే ఉంది. "అంతా వాళ్ల కంప్యూటర్‌లోనే ఉందంట గదమ్మా, నేనేమీ దాచిపెట్టుకోలా" అన్నారు. థైరాక్సిన్ మోతాదు ఎన్నిసార్లు మార్చారు, ఒకప్పుడు పెంచిన మోతాదును గుండెదడ వల్ల తగ్గించారా, మరే కారణంతోనా అన్నది ఆమెకు సరిగా గుర్తులేదు. టీఎస్‌హెచ్ పరీక్ష మళ్లీ చేయించవచ్చు, డబ్బు పోతే పోతుంది. కానీ ఈ రోజు చేసే పరీక్ష ఈ రోజు అంకెనే చెబుతుంది. ఫలానా మోతాదు ఆమెకు ఎందుకు పడలేదో ఆ రోజు డాక్టరు రాసిన రెండు వాక్యాల్లోనే ఉంది, ఆ రెండు వాక్యాలే పోయాయి.

ఇందులో దురుద్దేశం ఉందని నేను అనను. సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవారు అపాయింట్‌మెంట్లు, ఎస్సెమ్మెస్ రిమైండర్లు, రోజువారీ వసూళ్ల పట్టిక చూపిస్తారు. క్లినిక్ వారికి అప్పటికి కావలసినవి కూడా అవే కనుక అక్కడితో బేరం కుదిరిపోతుంది. నా విన్నపం ఏమిటంటే, ఆ రోజే ఇంకో గంట కేటాయించి పదిమంది ఉత్తుత్తి రోగుల వివరాలు, నోట్సు, చీటీలు, పరీక్షల అంకెలు, ఒకటి రెండు స్కాన్ కాగితాలు అందులోకి ఎక్కించి, "ఇప్పుడు ఇవన్నీ మరో సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో బయటికి తీసి చూపించండి" అని అడగాలి. చందా ఆగిన తర్వాత ఎన్ని నెలల వరకు రికార్డులు చూసుకోవచ్చో, మొత్తం సమాచారం తిరిగి ఇవ్వడానికి ఎంత తీసుకుంటారో ఒప్పందంలో రాయించుకోవాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ప్రకటించి 2016లో సవరించిన ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు ప్రమాణాల్లో జబ్బులకు ఐసీడీ-10, వైద్య పదజాలానికి స్నోమెడ్ సీటీ, ల్యాబ్ పరీక్షలకు లాయింక్ వంటి కోడ్‌లు సూచించారు. చిన్న క్లినిక్‌కు ఇవన్నీ ఎందుకని అనిపించవచ్చు. కానీ క్రియాటినిన్ 1.4 అనే ఫలితాన్ని అంకెగా నమోదు చేస్తే నాలుగేళ్ల అంకెలు ఒక్క వరుసలో కనిపించి కిడ్నీ ఎటు పోతోందో డాక్టరుకు అర్థమవుతుంది. అదే ఫలితాన్ని ఫొటోగా అతికిస్తే నాలుగేళ్ల ఫొటోలను ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి, రద్దీ వేళ ఆ పని ఎవరూ చేయరు.

ఇక మా పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది పేర్ల సమస్య. తమిళనాడులో పేరు ముందు ఉండే పొడి అక్షరం సాధారణంగా తండ్రి పేరుది, మనకది ఇంటిపేరుది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఓపీ చీటీలో ఒక్క అక్షరమే పడుతుంది. పెళ్లయిన స్త్రీకి ఒక చోట పుట్టింటి పేరు, మరో చోట భర్త పేరులోని అక్షరం చేరుతుంది. లక్ష్మి అనే పేరును ఇంగ్లిషులో ఒకరు ఎక్స్‌తోనూ మరొకరు కేఎస్‌హెచ్‌తోనూ రాస్తారు. వయసు అడిగితే పెద్దవారు "అరవై ఉంటాయమ్మా" అంటారు, రెండేళ్ల తర్వాత అడిగినా అదే మాట. ఈ చిక్కుల వల్ల రిసెప్షన్‌లో అందరూ ఫోన్ నంబరుతో వెతకడానికి అలవాటు పడ్డారు. పల్లె నుంచి వచ్చే కుటుంబాల్లో చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకు నంబరే అమ్మకూ నాన్నకూ అత్తకూ మామకూ రాయిస్తారు కనుక, ఆ నంబరు కొట్టగానే తెర మీద నలుగురు ఐదుగురు కనిపిస్తారు.

నాకు తెలిసిన ఒక క్లినిక్‌లో ఇలాగే ఇద్దరు వియ్యపురాళ్ల పేర్లు ఒకే నంబరు కింద ఉన్నాయి. ఇద్దరి పేర్లలోనూ లక్ష్మి ఉంది, వయసులు కూడా దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒకరి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) రిపోర్టు మరొకరి పేజీలో చేరింది. డాక్టరు గారు అంకె చూసి "షుగరు ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?" అని అడగబట్టి, "నాకు షుగరే లేదు కదయ్యా" అని ఆమె చెప్పబట్టి విషయం బయటపడింది. ఆ ప్రశ్న అడగకుండా మాత్ర రాసి ఉంటే, షుగరు లేని మనిషి ఆ మాత్ర వేసుకుని నగరి రైలెక్కి ఉండేది. కాగితపు ఫైలు ఉన్న రోజుల్లో ఫైళ్లు తారుమారు కాలేదని అనను. కానీ అట్ట మీద కళ్లకు కనిపించే పేరు, ఊరు, పాత చీటీల రంగు, డాక్టరు చేతిరాత చూసి మనిషికి అనుమానం వచ్చేది. తెర మీద అందరి పేజీ ఒకేలా ఉంటుంది.

దీనికి ఖర్చు లేని పరిష్కారం ఉంది. "మీరు లక్ష్మి గారేనా?" అని అడిగితే, జనం మధ్య సరిగా వినపడక చాలామంది తల ఊపుతారు. "మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండి" అని అడిగి, వారి నోట వచ్చిన మాటను తెర మీద ఉన్నదానితో సరిచూసుకోవాలి. పుట్టిన తేదీ తెలియనివారికి ఊరి పేరు, భర్త లేదా తండ్రి పేరు అడగాలి. ఒకే మనిషికి రెండు రికార్డులున్నాయని అనుమానం వస్తే రిసెప్షన్‌లోని అమ్మాయి అప్పటికప్పుడు వాటిని కలిపేయకూడదు. చాలా సాఫ్ట్‌వేర్‌లలో కలపడం ఒక్క క్లిక్కుతో అయిపోతుంది కానీ, తప్పుగా కలిపినవాటిని విడదీయడానికి రోజులు పడుతుంది. ఆ అధికారం డాక్టరుకో, బాధ్యత అప్పగించిన ఒక్కరికో మాత్రమే ఉండాలి. అసలు క్లినిక్‌లో ఎవరి లాగిన్ వారికి ఉండాలి. మానిటర్ అంచున కాగితం ముక్క మీద రాసి అతికించిన ఒకే పాస్‌వర్డ్‌తో అందరూ పని చేస్తే, ఏ మార్పు ఎవరు చేశారో తర్వాత ఎవరూ చెప్పలేరు.

మందుల చీటీలో 'రిపీట్' నొక్కే అలవాటు గురించి కూడా వైద్యులకు గట్టిగా మనవి చేయాలి. పోయినసారి చీటీని ఉన్నది ఉన్నట్టు ఈ రోజు తేదీతో ముద్రించే ఈ సౌకర్యం వల్ల సమయం కలిసివస్తుంది, నిజమే. అయితే క్రియాటినిన్ పెరిగిందని డాక్టరు నోటిమాటగా ఆపించిన షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్‌ను సాఫ్ట్‌వేర్‌లో ఆపకపోతే, మూడు నెలల తర్వాత అదే మళ్లీ చీటీలోకి వచ్చేస్తుంది. ఆపిన మందును తీసేస్తే చాలదు, ఎప్పుడు ఎందుకు ఆపారో నమోదు కావాలి. పడని మందుల గడి కూడా ఇంతే. అది ఖాళీగా ఉంటే ఏ మందూ పడకపోవడం లేదని అర్థమా, అసలు అడగలేదని అర్థమా? అడిగి "లేదు" అని రాస్తేనే తర్వాత చూసేవారు ధైర్యంగా ఇంజెక్షన్ ఇవ్వగలరు.

రిపోర్టుల విషయంలో రోగులకు తెలియని ఒక చిన్న సంగతి ఉంది. ఈసీజీ కాగితాలు, అల్ట్రాసౌండ్ బొమ్మలు చాలా చోట్ల థర్మల్ కాగితం మీద వస్తాయి. ఎండ తగిలినా, ప్లాస్టిక్ కవరులో ఏళ్ల తరబడి ఉన్నా ఆ గీతలు వెలిసిపోతాయి. జాగ్రత్త కోసమని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం నల్లబడి అసలుకే మోసం వస్తుంది. అలా నల్లబడిన ఈసీజీని ఎంతో భద్రంగా సంచిలోంచి తీసి చూపించిన పెద్దాయనకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. వచ్చిన రోజే స్కాన్ చేసో, మామూలు కాగితం మీద జిరాక్స్ తీసో పెట్టుకోవాలి. ఆ స్కానింగ్ కూడా రిసెప్షనిస్టు సొంత ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకునే పద్ధతిలో జరగకూడదు. ఉద్యోగం మానేసి వెళ్లిన మనిషి ఫోన్‌లో వందలమంది రోగుల రిపోర్టులు ఉండిపోతున్నాయి.

2015 డిసెంబరు వరదల్లో ఈ నగరంలో బీరువాల కింది అరల్లోని ఫైళ్లన్నీ తడిసి ముద్దయిన క్లినిక్‌లు నాకు తెలుసు. కంప్యూటర్ ఉంటే ఆ భయం లేదనుకోవడానికీ వీలులేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడికి గురైనప్పుడు అంత పెద్ద సంస్థలో సుమారు రెండు వారాల పాటు చేతిరాతతో పని నడిపించవలసి వచ్చింది. బ్యాకప్ మరో చోట ఉండాలి, నెలకొకసారైనా దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి నలుగురు రోగుల రికార్డులు సరిగా వస్తున్నాయో లేదో చూడాలి.

చట్టం ఈ విషయంలో పూర్తిగా మౌనంగా లేదు. 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి నియమావళి ప్రకారం ఆస్పత్రిలో చేరిన రోగుల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి. రోగి గాని, రోగి తరఫున అధికారం ఉన్నవారు గాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రికార్డులను త్వరగా వెతకడానికి వీలుగా కంప్యూటరీకరించే ప్రయత్నం చేయాలని కూడా అందులోనే ఉంది. అయితే మూడేళ్ల నియమం చేరిన రోగులకే పరిమితం. చిన్న క్లినిక్‌లకు వచ్చేవారంతా ఓపీ రోగులే కనుక వారి విషయంలో ఎవరి ఇష్టం వారిదిగా సాగుతోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన సమాచారం ఏమేమి ఎవరి దగ్గర ఉందో తెలుసుకునే హక్కును ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. భద్రతలో వైఫల్యానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించవచ్చని చెప్పింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చారు. క్లినిక్‌లు తమ ఇల్లు చక్కబెట్టుకోవడానికి ఇదే తగిన సమయం.

2021 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ గురించి రోగుల్లో ఒక అపోహ ఉంది. ఆ మిషన్ కింద ఇచ్చే పద్నాలుగు అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, అంటే ఆభా నంబరు తీసుకుంటే తమ రికార్డులన్నీ ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉంటాయని చాలామంది అనుకుంటున్నారు. ఆ వ్యవస్థలో రికార్డు ఎక్కడ తయారైతే అక్కడే ఉంటుంది, రోగి అనుమతి ఇచ్చినప్పుడు ఒక చోటి నుంచి మరో చోటికి అందుతుంది. క్లినిక్ వాడే సాఫ్ట్‌వేర్ ఆ వ్యవస్థతో అనుసంధానమై ఉంటేనే ఇది పని చేస్తుంది. అనుసంధానం లేని చోట ఆభా నంబరు ఓపీ చీటీ మీద రాసుకునే మరో నంబరు మాత్రమే. ఈ వ్యవస్థ విస్తరించాలని మనసారా కోరుకునేవారిలో నేనూ ఒకదాన్ని, ఎందుకంటే చెన్నై చీటీ నెల్లూరు డాక్టరు తెర మీద కనిపించే రోజు దీనితోనే వస్తుంది. అంతవరకు కాగితం వదలవద్దని మాత్రం చెబుతాను.

ఆ కాగితం ఏ భాషలో ఉండాలన్నది మరో మాట. మందు పేరు స్పష్టంగా, వీలైతే ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో, జనరిక్ పేరుతో (కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరుతో) ఉండాలని వైద్య మండలి వృత్తి నియమావళిలో 2016లో సవరించిన నియమం చెబుతోంది. అది డాక్టరుకూ మందుల షాపుకూ సరిపోతుంది. "ఉదయం తిన్న తర్వాత ఒకటి, రాత్రి తినకముందు సగం" అన్న సూచన మాత్రం రోగి చదువుకునేది. చెన్నైలో అది ఇంగ్లిషులోనో తమిళంలోనో వస్తుంది. మేము వాడే సాఫ్ట్‌వేర్‌లో భాష ఎంచుకునే చోట తెలుగు మొదటి నుంచీ ఉన్నా, మేము అడిగేవరకు ఎవరూ దాన్ని తెరవలేదు. ఇప్పుడు కొత్త రోగిని నమోదు చేసేటప్పుడే ఏ భాషలో కావాలో అడిగి గుర్తు పెడుతున్నాం. మాత్రలు ఎలా వేసుకోవాలని సాయంత్రం వేళ ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లు అప్పటి నుంచి బాగా తగ్గాయి. మిగతా క్లినిక్‌ల వారూ ఒకసారి తమ సెట్టింగులు చూసుకోవాలని కోరుతున్నాను.

తమిళనాడులో 1997 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల నియంత్రణ చట్టం కింద క్లినిక్‌లు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ దరఖాస్తులో రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలని రాష్ట్ర ఆరోగ్య శాఖను కోరుతున్నాను. ఓపీ రోగి అడిగితే రికార్డు ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో ఇస్తారు? క్లినిక్ మూతపడినా, సాఫ్ట్‌వేర్ మారినా పాత రికార్డులు ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటాయి? జవాబును రిసెప్షన్‌లో అందరికీ కనిపించేలా పెట్టమంటే ఇంకా మంచిది. సరిహద్దు జిల్లాల నుంచి రోజూ ఇంతమంది ఇక్కడికి వస్తున్నారు కనుక ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ కూడా ఈ విషయం తమిళనాడుతో మాట్లాడాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల వారు మొత్తం రికార్డు తిరిగి అప్పగించడాన్ని వేరే సేవగా అమ్మకుండా చందాలో భాగంగానే ఇవ్వాలి.

మీ పాఠకుల్లో వైద్యం కోసం చెన్నై వచ్చేవారికి ఒక్క మాట. ఫీజు కట్టి రశీదు తీసుకునేటప్పుడే ఆ రోజు విజిట్ సారాంశం కూడా ముద్రించి ఇమ్మని అడగండి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో అది క్షణంలో వచ్చే కాగితమే, అడిగితే కాదనరు. అందులో జబ్బు పేరు, ఇప్పుడు వాడుతున్న మందులు, ఆపిన మందులు, పడని మందులు, ఆ రోజు పరీక్షల అంకెలు, డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ ఉన్నాయో లేదో, పైన ఉన్న పేరు మీదేనో కాదో అక్కడే నిలబడి చూసుకుని, ఏదైనా లోపిస్తే రాయించుకుని, ఆ తర్వాతే కౌంటరు వదలండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై